వాడి లిస్ట్‌లో ఐదు దేశాలు, నీ చేతిలో మూడు వీకెండ్లు

ఉత్తరం:

"అక్కా, నేను మ్యూనిక్‌లో ఆరేళ్లుగా ఉంటున్నాను. నా భార్య కూడా ఉద్యోగం చేస్తుంది, పాపకి నాలుగేళ్లు. వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివినప్పుడు నాలుగేళ్లూ నాతో ఒకే రూమ్‌లో ఉన్న స్నేహితుడు మే 7న వస్తున్నాడు, 30న వెళ్తాడు. వాడిది ఖమ్మం, వాళ్ల నాన్నగారి ఎరువుల కొట్టు ఇప్పుడు వాడే చూసుకుంటున్నాడు. జూన్‌లో వానలు మొదలైతే కొట్టు వదిలి కదలలేడు కాబట్టి మేలోనే రావాలి. దేశం దాటడం ఇదే మొదటిసారి. వీసా వచ్చిన రోజే ఒక లిస్ట్ పంపాడు: పారిస్, స్విట్జర్లాండ్, వెనిస్, ఆమ్‌స్టర్‌డామ్, ప్రేగ్. నాకు ఉన్నవి మూడు రోజుల సెలవులు. పోయిన ఏడాది మా ఆవిడ తరఫు చుట్టాలు వచ్చినప్పుడు అన్ని ఖర్చులూ మేమే పెట్టుకున్నాం, ఈసారి అలా కుదరదని ఆమె ముందే చెప్పింది, ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. కానీ వాడితో ఎలా చెప్పాలి? యూరప్ వెళ్లి మారిపోయాడు అనుకుంటాడేమో అని టెన్షన్‌గా ఉంది. ఇంకో మాట, పోయిన ఏడాది నా ఉద్యోగం పోయింది, ఐదు నెలలు ఇంట్లోనే ఉన్నాను. ఫిబ్రవరిలో కొత్త కంపెనీలో చేరాను. వాడికి ఇదేమీ తెలియదు. ఈ మూడు వారాలు ఎలా ప్లాన్ చేసుకోమంటారు?"

సమాధానం:

తమ్ముడూ, అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. నీ ఉత్తరంలో ఊళ్లున్నాయి, సెలవులున్నాయి, డబ్బు లెక్కలున్నాయి, వాటన్నిటికీ దారి ఉంది, చెప్తాను. కానీ నువ్వు చివర్లో "ఇంకో మాట" అని రాసి వదిలేశావు చూడు, నాకు అసలు సంగతి అదే అనిపించింది. నాలుగేళ్లు పక్క మంచం మీద పడుకున్నవాడికి నీ ఉద్యోగం పోయిందని తెలియదు. నీకు మూడు రోజులే సెలవు ఎందుకుందో, వెనిస్ అనగానే నీ గొంతు ఎందుకు తగ్గిపోతుందో వాడికి అర్థం కావాలంటే ఆ సంగతి తెలియాలి కదా. అది దాచిపెట్టి ఎంత బాగా ప్లాన్ వేసినా, రెండో వారంలో ఎక్కడో ఒక స్టేషన్‌లో నిలబడి "ఎందుకురా ఇంత లెక్కలు చూస్తున్నావు" అంటాడు, నీకు కోపం వస్తుంది, ఆ కోపం ఎక్కడి నుంచి వచ్చిందో వాడికి తెలియదు.

ఇక్కడ కొత్త ఉద్యోగంలో ప్రొబేషన్ ఉన్న ఆరు నెలల్లో రెండు వారాల నోటీసుతో కంపెనీ మనల్ని పంపేయొచ్చు, ఏడాది సెలవుల మీద పూర్తి హక్కు కూడా ఆరు నెలలు నిండాకే వస్తుంది, అప్పటిదాకా నెలకి పన్నెండో వంతు చొప్పున జమ అయ్యేదే. ఇక్కడ ఆఫీసులో పనిచేసే ప్రతి ఒక్కరికీ ఇది తెలుసు. ఖమ్మంలో సొంత కొట్టు నడుపుకునే మనిషికి ఎలా తెలుస్తుంది? వాడికి కనిపించేది నువ్వు పెట్టిన ఫోటోలే, మంచులో పాప, కొత్త కారు, క్రిస్మస్ దీపాలు. ఆ ఐదు నెలల్లో పొద్దున్నే పాపని కిండర్‌గార్టెన్‌లో దింపి వచ్చి ఖాళీ ఇంట్లో లాప్‌టాప్ ముందు ఎలా కూర్చున్నావో ఏ ఫోటోలోనూ లేదు. లిస్ట్ పంపినందుకు వాడి తప్పేమీ లేదు, తనకి కనిపించిన నిన్ను బట్టే అడిగాడు.

నా సంగతి ఒకటి చెప్తాను. నేనూ మీ మ్యూనిక్ ఉన్న ఈ బవేరియా రాష్ట్రంలోనే పదమూడేళ్లుగా ఉన్నాను. వచ్చిన రెండో ఏడాది ఊళ్లో మా నాన్న పోయారు, కాగితాల పని మధ్యలో ఉండి వెళ్లలేకపోయాను, ఫోన్ తెర మీద చూశాను. ఆ రోజు విజయవాడలో మా ఇంటి ముందు కుర్చీలు వేయించి, వచ్చినవాళ్లకి మంచినీళ్లు ఇచ్చి, సాయంత్రం దాకా మా అమ్మ పక్కన కూర్చున్నది నా స్నేహితురాలు. తర్వాత రెండేళ్లకి ఆమె నన్ను చూడ్డానికి వచ్చింది, పదకొండు రోజులు. ఆ రుణం తీర్చుకోవాలని కాబోలు, నేను నాలుగు దేశాలు ప్లాన్ వేశాను, తెల్లవారుజామున రైళ్లు, అర్ధరాత్రి బస్సులు, ప్రతి గంటకీ ఒక పేరు. ఎనిమిదో రోజు రాత్రి ఇంటికొచ్చి బట్టలు ఉతకడానికి బిల్డింగ్ కింద సెల్లార్‌లో ఉన్న వాషింగ్ మెషీన్ దగ్గరికి వెళ్తే ఆమె కూడా వెనకాలే వచ్చింది. మెషీన్ తిరుగుతుంటే మెట్ల మీద కూర్చుని, "మీ నాన్నగారి గురించి నువ్వు ఇక్కడ ఎవరితో మాట్లాడతావే?" అని అడిగింది. ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ రాత్రి రెండు గంటల దాకా ఆ సెల్లార్ మెట్ల మీదే ఉన్నాం, ఆ రోజు ఎవరెవరు వచ్చారో, అమ్మ ఏమందో, ఏ పువ్వులు తెచ్చారో అన్నీ చెప్పింది. ఆ మిగిలిన మూడు రోజులూ ఎక్కడికీ వెళ్లలేదు. నాకు ఈనాటికీ బాధ ఏమిటంటే, ఆ మాటలు మొదటి రోజే మాట్లాడుకోవాల్సింది, వారం రోజులు రైళ్ల వెంట పరుగెత్తి పోగొట్టుకున్నాను.

అందుకే ముందు ఫోన్ చెయ్యి. వాడు వచ్చాక చెబుదాం అనుకోకు, ఇప్పుడే, టికెట్లూ హోటళ్లూ ఏమీ బుక్ అవ్వకముందే చెప్పు. మారిపోయాడు అనుకుంటాడేమో అని భయపడుతున్నావు కదా. వాడొచ్చాక ఏ కారణమూ చెప్పకుండా ఒక్కో ఊరికీ ఒక్కో సాకు చెప్పుకుంటూ పోతేనే అలా అనుకుంటాడు.

ఇప్పుడు ప్లాన్‌కి వద్దాం. నీ అదృష్టం, వాడు సరైన తేదీలే పట్టుకున్నాడు. క్యాలెండర్ తీసి చూడు. వాడు ఉండే మూడు వీకెండ్లలో, మే 14 గురువారం అసెన్షన్ పండగ సెలవు, 15 శుక్రవారం ఒక్కటి నువ్వు పెట్టుకుంటే ఆదివారం దాకా నాలుగు రోజులు. 25 సోమవారం పెంతెకొస్తు సెలవు, అంటే ఆ వీకెండ్ నీ సెలవు ఒక్కటీ ఖర్చవకుండానే మూడు రోజులు. ఇంకా రెండు సెలవులు మిగిలాయి. వాటిలో ఒకటి వాడు వచ్చిన మర్నాడు, 8న పెట్టుకో, రెండోది వెళ్లే ముందు రోజు, 29న. ప్రొబేషన్‌లో ఉన్నావు కాబట్టి 15వ తేదీ ఇవాళే అడుగు, ఆ శుక్రవారం ఆఫీసులో సగం మంది అడుగుతారు.

మొదటి వీకెండ్ ఊరు దాటొద్దు. 8న, 9న మీ ఊరే చూపించు, నువ్వు రోజూ ఎక్కే రైలు, పాప స్కూలు, ఈజార్ నది ఒడ్డు. మేలో ఎండ కాస్తే ఆ నది రాళ్ల మీద ఊరంతా వచ్చి కూర్చుంటుంది, కాళ్లు నీళ్లలో పెడితే జివ్వుమంటుంది. శనివారం సాయంత్రం లోపు కూరగాయలూ పాలూ తెచ్చేసుకోండి, ఆదివారం షాపులు మూసేస్తారని, శనివారం కూడా రాత్రి ఎనిమిదితో సరి అని వాడికి ముందే చెప్పు, మన దగ్గర ఆదివారమే ఎక్కువ బేరం జరిగే రోజు కదా, కొట్టు నడిపేవాడికి అది చాలా ఆశ్చర్యంగా ఉంటుంది, ఎందుకలా అని నిన్ను గంట సేపు అడుగుతాడు చూడు. ఇక 10వ తేదీ ఆదివారం ఇక్కడ మదర్స్ డే. ఆ రోజు మీరిద్దరూ మీ ఆవిడని ఇంట్లో వదిలి తిరగడానికి వెళ్లకండి. వంట మీరిద్దరూ చెయ్యండి. హాస్టల్ రోజుల్లో వాడు ఏదో ఒకటి వండే ఉంటాడు కదా.

రెండో వీకెండ్, ఆ నాలుగు రోజులు. అందరూ ఈ నాలుగు రోజులకే పారిస్, వెనిస్ బుక్ చేసుకుంటారు, రేట్లు కూడా అలాగే ఉంటాయి, మ్యూనిక్ నుంచి రెండూ రైల్లో దాదాపు ఆరేడు గంటలు, నాలుగేళ్ల పాపతో. నేనైతే ఆల్ప్స్ కొండల్లో ఉన్న బెర్ష్‌టెస్‌గాడెన్ అనే ఊరికి వెళ్లమంటాను. ఫ్రైలాసింగ్‌లో రైలు మారి వెళ్తే దాదాపు మూడు గంటలు. గురువారం పొద్దున్నే బయల్దేరి, రెండు రాత్రులు ఉండేలా చిన్న గది ఏదైనా చూసుకోండి, గది మాత్రం ఈ వారంలోనే బుక్ చెయ్యండి. శుక్రవారం మొదటి బోటుకే కోనిగ్స్‌జే సరస్సులోకి వెళ్లండి, తొమ్మిది దాటితే పడవ రేవు దగ్గర క్యూ పెరిగిపోతుంది. ఆ సరస్సులో 1909 నుంచీ బ్యాటరీ పడవలే నడుస్తున్నాయి, అందుకే ఇంజన్ మోత ఉండదు, పొగ ఉండదు, నీళ్లు అంత తేటగా ఉంటాయి. మధ్యలో పడవ ఆపి, పడవలో పనిచేసే అతను ఒక బూర తీసి కొండ గోడ వైపు తిరిగి ఊదుతాడు, ఊది ఆపగానే అదే పాట కొండలోంచి తిరిగి వస్తుంది. భద్రాచలం దగ్గర గోదావరి చూస్తూ పెరిగినవాడికి, పాపికొండల మధ్య లాంచీలో వెళ్లినవాడికి ఆ చోటు ఎంత నచ్చుతుందో నేను ఊహించగలను. సెయింట్ బార్తొలొమే చర్చి దగ్గర దిగి వెనక్కి వచ్చేయకండి, చివరి రేవు సాలెట్ దాకా వెళ్లండి, అక్కడి నుంచి పావు గంట నడిస్తే ఇంకో చిన్న సరస్సు ఉంది, ఒబర్‌జే, పాప కూడా హాయిగా నడవగలదు.

శనివారం తిరిగి వచ్చేటప్పుడు ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో దిగండి, ఫ్రైలాసింగ్ నుంచి పది నిమిషాలు కూడా లేదు. సంగీతకారుడు మొజార్ట్ 1756లో పుట్టిన ఇల్లు గెట్రైడెగాసె అనే వీధిలో 9వ నంబరు, కోట ఎక్కితే ఊరంతా కనిపిస్తుంది, సాయంత్రానికి మీ ఇంట్లో ఉంటారు. వాడికి రెండో దేశం కూడా చూసినట్టే. ఒక్క జాగ్రత్త, పాస్‌పోర్టు అసలుది జేబులో ఉండాలి, నీ రెసిడెన్స్ కార్డు కూడా. 2024 సెప్టెంబర్ నుంచి జర్మనీ తన అన్ని భూ సరిహద్దుల్లోనూ తనిఖీలు పెట్టింది, సాల్జ్‌బర్గ్ నుంచి వచ్చే రైల్లో పోలీసులు ఎక్కి చూస్తారు, ఫోన్‌లో ఉన్న ఫోటో చూపిస్తే ఒప్పుకోరు. ఆదివారం ఇంట్లో పడుకోండి. సోమవారం నీకు ఆఫీసు ఉంది.

మూడో వీకెండ్ గురించి గట్టిగా చెప్తున్నాను, పెంతెకొస్తు మూడు రోజులూ కొండల వైపు వెళ్లకు. ఆ వెంటనే బవేరియాలో బడులకి సెలవులు మొదలవుతాయి, కొండల వైపు వెళ్లే రైళ్లలో నిలబడ్డానికి చోటుండదు, రోడ్లు నిండిపోతాయి. ఆ మూడు రోజులు ఊళ్లోనే ఉండండి, దానికి ఒక మంచి కార్యక్రమం ఉంది. ఇక్కడి బీర్ గార్డెన్లలో మన ఇంటి తిండి మనం తెచ్చుకుని తినొచ్చు, తాగేది మాత్రం వాళ్ల దగ్గర కొనాలి. ఇది 1812 నుంచి ఉన్న మర్యాద. బీరు కాచేవాళ్లు తమ తోటల్లో నేరుగా బీరు అమ్ముకోవచ్చు గానీ బ్రెడ్ తప్ప తిండి అమ్మకూడదని అప్పటి రాజు తేల్చాడు, దాంతో జనం ఇంటి నుంచి తెచ్చుకోవడం మొదలుపెట్టారు, ఇప్పటికీ బల్ల మీద గుడ్డ పరచి లేకపోతే అక్కడ మన డబ్బాలు విప్పుకోవచ్చు. హిర్ష్‌గార్టెన్‌కి వెళ్లండి, ఎనిమిది వేల మంది కూర్చునే చోటు, పక్కనే జింకలుంటాయి, పాపకి కాలక్షేపం. పులిహోర, పెరుగన్నం, బంగాళదుంప వేపుడు కట్టుకెళ్లండి. తాగనివాళ్లకి ఆపిల్ జ్యూస్‌లో సోడా కలిపి పెద్ద గ్లాసులో ఇస్తారు. చెస్ట్‌నట్ చెట్ల కింద, చుట్టూ జర్మన్లు, మధ్యలో మీ పులిహోర గిన్నె. చెప్పాల్సిన మాటలు ఫోన్‌లో కొన్ని మిగిలిపోయి ఉంటాయి, వాటికి ఇంతకన్నా మంచి చోటు మ్యూనిక్‌లో నాకు తెలియదు. ఆదివారం పొద్దున ఆల్టె పినాకొటెక్ మ్యూజియంకి టికెట్ ఒక్క యూరోనే, చిత్రకారుడు డ్యూరర్ 1500లో గీసుకున్న తన సొంత బొమ్మ అక్కడే ఉంది, గంట చాలు.

మరి వాడి లిస్ట్ ఏమైనట్టు? వాణ్ణి ఒంటరిగా పంపించు. ఈ మాట అనగానే మనవాళ్లకి మనసొప్పదు, అంత దూరం నుంచి నా కోసం వస్తే ఒక్కణ్ణీ పంపాలా అంటారు. వాడు ముప్పై ఏళ్లు దాటిన మనిషి, కొట్టు నడుపుతున్నాడు, లారీలు మాట్లాడుకుంటున్నాడు, హైదరాబాద్ వెళ్లి డీలర్లతో బేరాలు చేస్తున్నాడు. మంగళవారం పొద్దున నువ్వు ఆఫీసుకెళ్తే వాడు సాయంత్రం దాకా మీ ఇంట్లో సోఫా మీద కూర్చుని ఫోన్ చూసుకోవడమే అసలు బాధ. వాడికి మే నెలకి డాయిష్‌లాండ్ టికెట్ ఒకటి తీసుకో, 2026 జనవరి నుంచి 63 యూరోలు, దేశమంతా ఊళ్లో తిరిగే రైళ్లూ బస్సులూ ట్రాములూ, ఊరి నుంచి ఊరికి వెళ్లే మామూలు రైళ్లూ అన్నీ అందులోకే వస్తాయి, వేగంగా వెళ్లే ఐసీఈ, ఐసీ రైళ్లు మాత్రం రావు. అది క్యాలెండర్ నెల లెక్కన నడుస్తుంది, వాడు 7న వచ్చి 30న వెళ్తున్నాడు కాబట్టి ఒక్క నెలతో సరిపోతుంది. టికెట్ వాడి పేరు మీదే ఉండాలి. అది చందా పద్ధతి, 10వ తేదీ లోపు రద్దు చేయకపోతే జూన్‌కి కూడా డబ్బు పోతుంది, కొన్న రోజే రద్దు పెట్టేయ్, నెలాఖరు దాకా పనిచేస్తూనే ఉంటుంది.

ఆ టికెట్‌తో ఒక రోజు రేగెన్స్‌బుర్గ్ వెళ్లమను, గంటన్నర, డాన్యూబ్ నది మీద 12వ శతాబ్దంలో కట్టిన రాతి వంతెన మీద ఇప్పటికీ జనం నడుస్తున్నారు. ఒక రోజు న్యూరెంబర్గ్. ఒక రోజు నోయ్‌ష్వాన్‌స్టైన్ కోట, అది మాత్రం టికెట్ ముందుగా ఆన్‌లైన్‌లో తీసి ఇవ్వు. ఫ్యూసెన్ దాకా రెండు గంటల రైలు, అక్కడ బస్సు, తర్వాత కోట దాకా అరగంట పైనే ఎక్కుడు, టికెట్ మీద వేసిన టైమ్‌కి గేటు దగ్గర లేకపోతే ఆ టికెట్ పోయినట్టే, పెద్ద బ్యాగు లోపలికి రానివ్వరు. వెళ్లే ముందు వాడికి ఆ కోట కట్టించిన బవేరియా రాజు కథ చెప్పు. రెండో లుడ్విగ్, 18 ఏళ్లకే రాజయ్యాడు, 1869లో కట్టడం మొదలుపెట్టాడు, కోట పూర్తి కాకముందే 1886 జూన్‌లో సరస్సు నీళ్లలో శవమై దొరికాడు, ఎలా పోయాడో ఇప్పటికీ తేలలేదు. ఎవరూ రాకుండా ఒంటరిగా ఉండాలని కట్టుకున్న కోట, ఆయన పోయిన ఏడు వారాలకే జనానికి టికెట్ పెట్టి తెరిచారు. 2025లో యునెస్కో జాబితాలోకి కూడా వచ్చింది.

పారిస్ అంతగా కావాలంటే వారం మధ్యలో రెండు రాత్రులు వాడొక్కడే వెళ్లి రావచ్చు, ఈ దేశాలన్నిటికీ షెంగెన్ వీసా ఒకటే కదా. లిస్ట్‌లో ఐదూ నిజంగా వాడివేనా అని కూడా ఫోన్‌లో అడుగు. "వీటిలో ఒక్కటే చూస్తే ఏది?" అను. స్విట్జర్లాండ్ అంటే చాలాసార్లు మంచు కొండ మీద నిలబడాలన్న కోరిక, అంతే. అదే అయితే నీ ఊరి నుంచి పొద్దున వెళ్లి సాయంత్రం రావచ్చు, జుగ్‌స్పిట్జె 2,962 మీటర్లు, జర్మనీలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం, మేలో కూడా పైన మంచు ఉంటుంది. పైకి వెళ్లే టికెట్ ఖరీదైనదే, కాబట్టి బయల్దేరే ముందు శిఖరం మీది కెమెరా ఇంటర్నెట్‌లో చూసుకోమను, మబ్బు కమ్మి ఉంటే ఆ రోజు మానుకోమను.

డాఖావ్ గురించి కూడా ఒక మాట. అడిగితేనే తీసుకెళ్లు, అడిగితే మాత్రం కాదనకు. 1933 మార్చిలో నాజీలు తెరిచిన నిర్బంధ శిబిరం, 1945 ఏప్రిల్ 29న అమెరికా సైన్యం విడిపించేదాకా అక్కడ రెండు లక్షల మందికి పైగా బందీలుగా ఉన్నారు, కనీసం 41,500 మంది చనిపోయారు. చూడ్డానికి టికెట్ లేదు, మ్యూనిక్ నుంచి ఎస్2 రైలు, తర్వాత 726 బస్సు. పాపని తీసుకెళ్లే చోటు కాదు. అక్కడి నుంచి వచ్చిన రోజు ఇంకెక్కడికీ ప్లాన్ పెట్టకు, నేను నలుగురు అతిథులతో నాలుగుసార్లు వెళ్లాను, ప్రతిసారీ తిరుగు రైల్లో ఎవరమూ మాట్లాడలేదు.

ఇక డబ్బు. వరంగల్‌లో మెస్ బిల్లు ఎలా కట్టేవాళ్లు? నెలాఖరుకి అయిన ఖర్చంతా తినేవాళ్ల మధ్య పంచుకునేవాళ్లు కదా, ఎవరికీ మొహమాటం ఉండేది కాదు. అదే పద్ధతి పెట్టు. ఇల్లూ ఇంటి తిండీ నీవి, అందులో లెక్క లేదు. బయటికి వెళ్లే గది, టికెట్లు, బయట తిండి వీటికి ఇద్దరూ సమానంగా డబ్బు తీసి ఒక కవర్‌లో వెయ్యండి, ఖర్చు అందులోంచే. నీ కుటుంబం ముగ్గురు, వాడొక్కడు, ఆ తేడాకి నువ్వు కొంచెం ఎక్కువ వెయ్యి. ఈ సంగతి కూడా ఫోన్‌లోనే చెప్పు, "మెస్ లెక్కరా" అంటే వాడికి ఒక్క మాటలో అర్థమవుతుంది. వాడు యూరోలు మార్చుకోవాలి కాబట్టి ఎంత పడుతుందో అంకె చెప్పు, "చూద్దాంలే" అనొద్దు. మొహమాటం కొద్దీ అన్న ఆ "చూద్దాంలే" వల్లే పోయిన ఏడాది మీ ఇంట్లో గొడవ అయి ఉంటుంది.

మీ ఆవిడ గురించి నువ్వు రెండు వాక్యాలే రాశావు. ఆమె కూడా ఆఫీసుకి వెళ్లి వస్తుంది. ఇంట్లో మూడు వారాల పాటు ఇంకొక మనిషి ఉంటే పొద్దున్నే ఇంకో టిఫిన్, రాత్రి ఇంకో కూర, బాత్రూమ్ దగ్గర వరస, హాల్లో నైటీతో తిరగలేకపోవడం, ఇవన్నీ ఆమె మీదే పడతాయి. వాడు వచ్చాక వారంలో మూడు రాత్రుల వంట మీ ఇద్దరిదీ అని ఇప్పుడే చెప్పెయ్యి. ఒక శనివారం పాపని మీరిద్దరూ తీసుకెళ్లి ఆమెకి ఇల్లు పూర్తిగా వదిలెయ్యండి. రాత్రి పది దాటాక గట్టిగా వీడియో కాల్స్ వద్దని కూడా వాడికి చెప్పు, ఇక్కడ పది తర్వాత పక్కింటివాళ్లకి వినపడకూడదు, ఖమ్మంలో ఉన్నవాళ్లకి అప్పుడు అర్ధరాత్రి దాటిపోతుంది కాబట్టి ఎలాగూ ఇబ్బంది లేదు.

సామాను సంగతి మరిచిపోయేదాన్ని. మే నెల, వాళ్లమ్మగారు మామిడిపళ్లు పెట్టకుండా ఉండరు. కుదరదని చెప్పు. బయటి దేశాల నుంచి తెచ్చే పళ్లకి మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ కావాలి, అరటిపండు, కొబ్బరికాయ లాంటి కొన్నిటికే మినహాయింపు. నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి కూడా రానివ్వరు, పాలతో మాంసంతో చేసినవేవీ కుదరవు. ఆవకాయ, కందిపొడి, కారప్పొడి తెచ్చుకోవచ్చు, మూతలు గట్టిగా బిగించి. రోజూ వేసుకునే మాత్రలుంటే మొత్తం రోజులకి సరిపడా, డాక్టర్ చీటీతో సహా తెచ్చుకోమను. మ్యూనిక్‌లో ఎప్పుడైనా కాగితం టికెట్ కొంటే ఎక్కే ముందు మెషీన్‌లో ముద్ర వేయించుకోవాలని చెప్పు. నేను మా స్నేహితురాలికి చెప్పడం మరిచిపోయాను, ఆమె చేతిలో టికెట్ ఉండి కూడా చెకింగ్‌లో 60 యూరోలు కట్టింది, ఆ రోజంతా ఆమె మొహం చూడలేకపోయాను.

ఈ ఆదివారం ఫోన్ చెయ్యి. ఇప్పుడు తేడా మూడున్నర గంటలు, నీకు సాయంత్రం ఆరంటే వాడికి రాత్రి తొమ్మిదిన్నర, కొట్టు కట్టేసి అన్నం తిని కూర్చునే వేళ. పాపని మీ ఆవిడ చూసుకుంటుంది, నువ్వు బయటికి నడుచుకుంటూ వెళ్లి మాట్లాడు. ముందు ఉద్యోగం సంగతి చెప్పు. వాడు కాసేపు ఏమీ అనడు, ఆ కాసేపట్లో కంగారుపడి నువ్వు ప్లాన్ గురించి మొదలుపెట్టకు, వాడు ఏదో ఒకటి అడిగేదాకా ఆగు.